దిక్కుతోచనివాడు, దిక్కులేనివాడు: ఒక ఆంగ్ల విశేషణమును గూర్చిన విచారణ

పరభాషా పదములు రెండు త్రోవల మన యిండ్లలోనికి వచ్చుచుండును. రైలు, బస్సు, టికెట్టు, బల్బు వంటివి వస్తువులతో కూడ వచ్చినవి. వస్తువు కంటి కెదురుగా నున్నది కనుక ఆ మాటల యర్థమును గూర్చి తగవు పుట్టదు. మనుష్యుని మనస్సును వర్ణించు విశేషణముల సంగతి వేఱు. వాని వెంట ఏ వస్తువును రాదు. ఇదివఱకే మనలోనున్న యొక స్థితికి, ఇదివఱకే మన భాషలోనున్న పేరును ప్రక్కకు త్రోసి, క్రొత్త పేరు వచ్చి కూర్చుండును. పాత పేరునకును క్రొత్త పేరునకును సరిపోలిక కుదిరినదా యని విచారించువారు తక్కువ.

‘డిసోరియెంటెడ్’ అను ఆంగ్ల విశేషణము అట్టి వానిలో నొకటి. కళాశాల విద్యార్థి తన వ్యాసములో దీనిని వ్రాయును. పత్రికా రచయిత దీనిని తెలుగు చేయ బూనును. వైద్యుడు రోగి కాగితములపై దీనిని గుర్తించును. దీని కర్థమేమని మన పిల్లల నడిగినచో ఒకడు ‘తికమకపడిన’ అనును. ఒకడు ‘అయోమయములో నున్న’ అనును. ఇంకొకడు ‘దిగ్భ్రాంతి చెందిన’ అనును. తమిళ పాఠశాలలో చదివిన బాలిక ‘మయక్కము’ అని ముగించును. ఈ నాలుగును నాలుగు వేర్వేఱు స్థితులు. నాలుగింటికిని ఒకే ఆంగ్లపద మెట్లు సరిపోవును? ఈ ప్రశ్న నిఘంటువులు వ్రాయువారికి మాత్రమే చెందినదని పాఠకులు తలపవచ్చును. తెలుగు, తమిళము, ఆంగ్లము ఒకే యింటి గడపలో కలిసికొను ధర్మపురి వంటి పట్టణమున ఇది మనుష్యుల మంచిచెడ్డలకు సంబంధించిన ప్రశ్న యగుచున్నది. అది యెట్లో ముందు చూతము. మొదట మాట పుట్టుక తెలిసికొందము.

లాటిను భాషలో ‘ఓరియన్స్’ అనగా ఉదయించునది. ఉదయించు సూర్యుని బట్టి తూర్పు దిక్కునకు ఆ పేరు వచ్చినది. ‘ఓరియెంట్’ అను క్రియకు మొదటి యర్థము తూర్పునకు అభిముఖముగా నిలుపుట. కట్టడమును తూర్పుముఖముగా కట్టుటను ఆ క్రియతోనే చెప్పుదురు. అటుపై తన స్థానమును దిక్కులతో సరిచూచుకొనుట యను అర్థము కలిగినది. దానికి వ్యతిరేకార్థక మైన క్రియ ఫ్రెంచి భాష నుండి పదునేడవ శతాబ్దమున ఆంగ్లములో ప్రవేశించినది. కనుక ఈ విశేషణమునకు అక్షరార్థము ‘తూర్పును పోగొట్టుకొన్న’ అని. బ్రిటనులో ‘డిసోరియెంటేటెడ్’ అని ఒక అక్షరము సాగదీసి పలుకుట యెక్కువ. అమెరికాలో ‘డిసోరియెంటెడ్’ అనుట యెక్కువ. రెండును సాధువులే. ఒకటి వ్రాసిన విద్యార్థిని రెండవది వ్రాయలేదని దండింప బనిలేదు.

తూర్పు నొక్కదానిని పోగొట్టుకొన్నచో తక్కిన మూడు దిక్కులు మిగులవా యని శంక కలుగవచ్చును. దీనికి మన భాషలే సమాధానము చెప్పుచున్నవి. సంస్కృతమున ‘పూర్వ’ మనగా ముందు, ‘పశ్చిమ’ మనగా వెనుక, ‘దక్షిణ’ మనగా కుడి. సూర్యున కెదురుగా నిలిచినవాని దేహమే అక్కడ దిక్కులకు కొలత. ముందేదో తెలియనివానికి కుడియును వెనుకయును కూడ తెలియవు. తమిళమున తూర్పునకు ‘కిళక్కు’ అని పేరు. ‘కీళ్’ అనగా క్రింద. పడమటికి ‘మేఱ్కు’ అని పేరు. ‘మేల్’ అనగా మీద. పడమటి కనుమల నుండి తూర్పు సముద్రము వఱకు వాలియున్న నేల మీద బ్రదికినవారు పల్లమును తూర్పనిరి, మెట్టను పడమరనిరి. హొగెనకల్లు మీదుగా దిగివచ్చు కావేరి ఈ మాటలకు నేటికిని సాక్ష్యము. మన ‘పడమర’ మాత్రము ప్రొద్దు పడు దిక్కు. లాటినువారి తూర్పు వలె అదియు సూర్యుని బట్టి వచ్చినదే. దేహమును బట్టియో, నేలను బట్టియో, సూర్యుని బట్టియో, ఏదో యొక దిక్కును ముందు నిలుపుకొన్నగాని తక్కినవి నిలువవు. ధర్మపురిలో నిలిచినవానికి ఉత్తరమున కృష్ణగిరి, దక్షిణమున సేలము, పడమట హొగెనకల్లు, తూర్పున హరూరు, తీర్థమల. ఇందులో ఒకదానిని తప్పుగా తలచినచో నాలుగును తప్పును.

ఇక ఈ విశేషణమునకు ఆంగ్లములో తోబుట్టువులు కొన్ని కలవు. వానికిని దీనికిని భేదము తెలియనిదే దీని స్థానము తెలియదు. ‘కన్‌ఫ్యూజ్డ్’ అను మాటకు మూలార్థము కలిపి పోయబడిన యని; వేర్వేఱుగా నుండవలసినవి కలగలిసిపోవుట. మన ‘కలత’ యు ఇట్టిదే. నీరు కలగినట్లు మనస్సు కలగుట. ‘పర్‌ప్లెక్స్డ్’ అనగా పెనవేసికొనిపోయిన. దీనికి మన ‘చిక్కుపడిన’ అనునది సరిజోడు. ‘బివిల్డర్డ్’ అను మాటలో అడవి యున్నది; త్రోవ లేని చోట విడువబడినవాని స్థితి యది. ‘డిజీ’ యనగా తల తిరుగుట. అది దేహధర్మము. వీనిలో దేనియందును దిక్కు లేదు. కలతకు విఱుగుడు తేటపడుట. చిక్కునకు విఱుగుడు విప్పుట. తలతిరుగుడునకు విఱుగుడు విశ్రాంతియో మందో. మన విశేషణమునకు విఱుగుడు మఱల తూర్పును కనుగొనుట. విఱుగుడును బట్టి చూచినచో మాటల హద్దులు తేటగా కనబడును.

ఇప్పుడు తెలుగునకు వత్తము. మన భాషలో ‘దిక్కు’ అను మాటను ఆశ్రయించుకొని మూడు పలుకుబళ్ళు కలవు. అవి దిక్కుతోచని, దిగ్భ్రమ చెందిన, దిక్కులేని యనునవి. పైపైన జూచినవారికి మూడును ఒక్కటే యనిపించును. పరిశీలించినచో మూడును మూడు.

దిక్కుతోచనివానికి తాను దారి తప్పితినని తెలియును. ఎటు పోవలెనో మనస్సునకు తట్టదు. కూడలిలో నిలిచి నాలుగు వైపుల చూచును. అతని యజ్ఞానము అతనికి తెలిసిన యజ్ఞానము. అందుచేత అతడు పదుగురిని అడుగును, లేదా నిలిచిపోవును.

దిగ్భ్రమ చెందినవాని సంగతి యిట్లు కాదు. అతడు ఉత్తరమును తూర్పని నమ్మి ధైర్యముగా నడచుచుండును. తప్పు దారిలో ఉన్నట్లు అతనికి తోపదు. ఎవరినైన అడుగవలెనను తలంపే కలుగదు. భ్రమ యనగా లేనిదానిని ఉన్నదిగా తలచుట గదా. శంకరాచార్యుల పేర ప్రసిద్ధమైన ‘ఆత్మబోధ’ యందు, తత్త్వజ్ఞానము ‘నేను, నాది’ యను అజ్ఞానమును తొలగించు తీరునకు ఈ దిగ్భ్రమనే ఉపమానముగా గ్రహించిరి. ఆ యుపమానము మిక్కిలి నిశితమైనది. దిక్కు తెలిసిన వెంటనే లోకములో ఏ చెట్టును ఏ కొండయు కదలదు. తూర్పు మొదటి నుండియు ఉన్నచోటనే యున్నది. మారునది చూచువాని తెలివి మాత్రమే.

ఈ రెంటికిని గల భేదము ఎంత దారుణమైన ఫలితమునకు దారి తీయగలదో విమానయానము చెప్పును. మబ్బులోనో చీకటిలోనో నేలయు ఆకాశమును కలిసి కనబడనప్పుడు, ఒరిగిపోవుచున్న విమానము సమముగా పోవుచున్నదని నడపువాని దేహము అతనికి అబద్ధము చెప్పును. 1999 జూలై 16వ తేదీ రాత్రి, అమెరికా అధ్యక్షుడుగా నుండిన కెనెడీ గారి కుమారుడు తాను నడపుచున్న చిన్న విమానముతో అట్లాంటిక్ సముద్రమున కూలి మరణించెను. మసకయు చీకటియు కమ్మిన వేళ నీటిమీదుగా దిగుచుండగా కలిగిన దిగ్భ్రమ వలన విమానము అతని యదుపు తప్పినదని, విచారణ జరిపిన అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి నిర్ణయించెను. ఆంగ్లములో ఆ నిర్ణయమున వాడినది మన విశేషణమునకు సంబంధించిన నామమే. అట్టివానికి ‘దిక్కుతోచలేదు’ అనుట చాలదు. తోచినది; తోచినది తప్పు. వైమానికులు తమ దేహమును నమ్మక, ఎదుటనున్న యంత్రములను నమ్మవలెనని శిక్షణలో నేర్పుట యిందులకే.

ఆంగ్ల విశేషణము ఈ రెండు స్థితులను ఒకే మూటలో కట్టుచున్నది. తెలుగు వానిని విడదీసి చూపుచున్నది. కనుక అనువదించువాడు ప్రతిసారి అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: తాను దారి తప్పినట్లు ఈ మనిషికి తెలియునా, తెలియదా? తెలిసినచో దిక్కుతోచనివాడు, తెలియనిచో దిగ్భ్రమ చెందినవాడు.

మూడవది ‘దిక్కులేని’. ఇక్కడ దిక్కునకు అర్థమే మారినది. దిక్కనగా ఆశ్రయము, కాచువాడు. దిక్కులేనివానికి తూర్పు పడమరలు చక్కగా తెలిసి యుండవచ్చును. వానికి లేనిది మనుష్యులు. ‘దిక్కులేనివారికి దేవుడే దిక్కు’ అను మన సామెతలో ఆ మాట రెండు మాఱులు వచ్చును. రెండు చోట్లను ఆశ్రయమే. ఇరుగుపొరుగున తమిళులు ఇదే భావమును ‘తిక్కఱ్ఱవర్క్కు దెయ్వమే తుణై’ అందురు. వారును ‘తిక్కు’ అను మాటతోనే మొదలుపెట్టి, రెండవ చోట మాత్రము తోడు అను అర్థము గల ‘తుణై’ని వేసికొనిరి. దిక్కును ఆశ్రయముగా భావించుట రెండు భాషలకును ఉమ్మడి సొత్తని దీనివలన తెలియుచున్నది. ఆంగ్ల విశేషణమునకు ఈ మూడవ యర్థము ఎన్నడును లేదు. దిక్కులేని బిడ్డను ఆంగ్లమున వర్ణించుచు ఈ విశేషణము వేసిన విద్యార్థి, తల్లిదండ్రులు లేని బిడ్డను దారి తప్పిన బిడ్డగా మార్చుచున్నాడు.

ఇంకొక పొరపాటు మన వాక్యనిర్మాణము నుండియే పుట్టుచున్నది. తెలుగున ‘దిక్కుతోచని మనిషి’ అందుము. ‘దిక్కుతోచని చీకటి’ అనియు అందుము. ఒకే రూపము అనుభవించు మనిషికిని, ఆ స్థితిని కలిగించు చీకటికిని సరిపోవును. ఆంగ్లమున అట్లు కుదరదు. మనిషి ‘డిసోరియెంటెడ్’, చీకటి ‘డిసోరియెంటింగ్’. మన పిల్లలు క్రొత్త నగరమును వర్ణించుచు ఆ నగరమే దిక్కు తప్పినదని వ్రాయుట యిందువలన. ఇది వారి మందబుద్ధి కాదు. మాతృభాష లోపల నుండి చేయిపట్టి నడపుట. ఆ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు ఒక్క యుదాహరణముతో దీనిని సరిదిద్దగలడు. తెలియనివాడు ఎఱ్ఱసిరాతో కొట్టివేసి ఊరకుండును.

ఇక పైన చెప్పిన నాలుగు సమాధానములను పరీక్షింతము. ‘తికమక’ యనునది లెక్కలోనో మాటలోనో కలుగు చిన్న తొట్రుపాటు. చిల్లర లెక్కించుచు తికమకపడినవానికి తూర్పు పోలేదు. ‘అయోమయము’ వింత చరిత్ర గల మాట. సంస్కృతమున దీనికి అర్థము ఇనుముతో చేయబడినదని. తెలుగు వాడుకలో అది యేమియు బోధపడని స్థితికి పేరైనది. వాడుక బలమైనది కనుక ఆ యర్థమును కాదన బనిలేదు. కాని అయోమయము విషయమునకు చెందిన లక్షణము. పాఠము అయోమయముగా నుండవచ్చును, అధికారి యుత్తరువు అయోమయముగా నుండవచ్చును. దానిని దిక్కు తప్పిన ప్రతి మనిషికిని అంటగట్టుట సోమరితనము. ‘మయక్కము’ తమిళమున సొమ్మసిల్లుటకును, తల తిరుగుటకును, మోహమునకును చెల్లు విశాలమైన మాట. దాని వైశాల్యమే యిక్కడ దోషము.

‘దిగ్భ్రాంతి’ సంగతి కొంత విస్తరింపవలెను. ఇది దిగ్భ్రమకు పర్యాయపదము. అయినను నేడు మన పత్రికలలో దీనికి పట్టిన గతి విచారకరము. ఎక్కడనో ఘోర ప్రమాదము జరిగిన మఱునాడు నాయకులు ‘దిగ్భ్రాంతి వ్యక్తము చేసిరి’ అని అచ్చగుచుండును. నిజముగా దిక్కులు మఱచిన మనుష్యుడు ప్రకటన యెట్లు చేయును? చేసినను దానిని ఎవరు నమ్మవలెను? ఆ చోట కావలసిన మాటలు విస్మయము, విషాదము, సంతాపము. అవి యన్నియు మన కున్నవి. పెద్ద మాటను చిన్న పనికి ప్రతిదినము వాడుటచే అది అరిగిపోయినది. అరిగిపోయిన మాటనే తెచ్చి ఆంగ్ల విశేషణమునకు అర్థముగా నిచ్చినప్పుడు, చదువరి ‘గట్టి దెబ్బ తగిలిన’ అని గ్రహించును. ‘దిక్కు తప్పిన’ అని గ్రహింపడు. అందుచేతనే ఈ వ్యాసమున ‘దిగ్భ్రాంతి’ని విడిచి ‘దిగ్భ్రమ’ను గ్రహించితిమి.

ఇంతవఱకు చెప్పినది పండితుల గోష్ఠికి చాలును. మన కుటుంబములకు ఇందులో నష్టమేమి, లాభమేమి యను ప్రశ్న మిగిలియున్నది. దానికి ఆసుపత్రికి పోవలెను.

వైద్యశాస్త్రమున ఈ విశేషణము కవిత్వపు మాట కాదు; పరీక్షించి వ్రాయు మాట. రోగి తెలివి సరిగా నున్నదో లేదో చూచుటకు వైద్యుడు మూడు సంగతు లడుగును. ఇది యే దినము, ఏ నెల, ఏ సంవత్సరము? ఇది యే చోటు? నీ వెవరు, నీ యెదుట నున్నవా రెవరు? కాలము, స్థలము, వ్యక్తి. మూటికిని సరిగా చెప్పినవాడు తెలివిలో నున్నవాడు, చెప్పలేనివాడు ‘డిసోరియెంటెడ్’. ఈ మూడు ప్రశ్నలు మనకు క్రొత్తవి కావు. మన పురోహితుడు ఏ శుభకార్యమునకైనను ముందు చేయించు సంకల్పము ఈ మూటినే చెప్పించును: శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నాము, ఏ నదుల నడుమ నున్నాము, ఏ సంవత్సరము, ఏ మాసము, ఏ తిథి, ఏ గోత్రము, ఏ పేరు. కర్మ మొదలుపెట్టుటకు ముందు మనిషి తన చోటును, కాలమును, తననును గుర్తించుకొని నిలువవలెనను తలంపు దానిలో కానవచ్చును.

ఇప్పుడు ధర్మపురి ప్రాంతపు ఒక తెలుగు వృద్ధురాలిని ఊహింపుడు. ఇంట తెలుగు తప్ప ఎఱుగదు. సంతలో తమిళము కొంత మాటాడగలదు. జ్వరముతో ఆసుపత్రిలో చేరినది. ఇది యే నెలయని తమిళమున అడిగిరి. ఆమె ‘శ్రావణమాసము’ అనును. గోడమీది తమిళ పంచాంగమున ఆడి మాసము. మన మాసములు చంద్రుని బట్టి, తమిళ మాసములు సూర్యుని బట్టి నడచును. సాధారణముగా ఆడి అమావాస్య మఱునాటినుండి మనకు శ్రావణము వచ్చును, వారికి ఆడి ఇంకను ముగియదు. ఏ జిల్లా యని యడిగిరి. ఆమె ‘సేలము’ అనును. 1965 అక్టోబరు 2వ తేదీన ధర్మపురి ప్రత్యేక జిల్లా యగువఱకు ఇది సేలము జిల్లాయే. ఆమె బాల్యమున నేర్చిన సమాధాన మది. ‘మయక్కమా?’ యని యడిగిరి. కండ్లు తిరుగుచున్నవి కనుక ఆమె ఔననును. అడిగినవారు తెలివి తప్పుచున్నదని గ్రహింతురు. ‘దిగులుగా నున్నది’ అని ఆమె తెలుగున మూలిగినచో, తమిళుడు తన ‘తిగిల్’ను బట్టి ఆమె దేనినో చూచి హడలుచున్నదనుకొనవచ్చును. నాలుగు సమాధానములలో నాలుగును ఆమె దృష్టిలో సత్యములే. కాగితముపై పడు విశేషణము మాత్రము ఆమె దిక్కు తప్పినదని చెప్పును.

ఇందులో వైద్యుని నిందింప బనిలేదు. అతడు తన శాస్త్రము చెప్పినట్లే అడిగినాడు. లోపము వేఱొకచోట నున్నది. ఈ విశేషణము సంబంధమును చెప్పు మాట. ఏ తూర్పును బట్టి తప్పినాడని అడుగనిదే దీనికి అర్థము పూర్తి కాదు. వేఱొక తూర్పును పట్టుకొని స్థిరముగా నిలిచినవారిని తూర్పు లేనివారిగా లెక్కింపరాదు. దీనికి మన యూరి పేరే చక్కని దృష్టాంతము. గోదావరి తీరమున, తెలంగాణమున, నరసింహస్వామి క్షేత్రమైన ధర్మపురి యింకొకటి కలదు; శేషప్ప కవి నరసింహ శతకము వలన ఆ పేరు తెలుగువా రందఱకును తెలిసినది. మనవారు ఉత్తరాదికి పోయి ‘మాది ధర్మపురి’ అన్నచో, విన్నవారు గోదావరిలో స్నానము చేసితిరా యని యడుగుదురు. అడిగినవారును దిక్కు తప్పలేదు, చెప్పినవారును దిక్కు తప్పలేదు. ఒక్క మాట విశదము చేసినచో ఇరువురును నవ్వుకొందురు. ఆసుపత్రిలో ఆ ఒక్క మాట చెప్పువారు ప్రక్క నుండవలెను, అంతే కావలసినది.

దీనికి మఱొక ముఖము కలదు. అది యింకను ముఖ్యమైనది. నిన్నటివఱకు చక్కగా మాటాడిన వృద్ధుడు నేడు హఠాత్తుగా కొడుకును తమ్ముడని పిలిచి, రాత్రిని పగలని వాదించినచో, అది వృద్ధాప్యపు అయోమయము కాదు. జ్వరకారకమైన అంటు, నెత్తురులో చక్కెర తగ్గుట, సోడియము తగ్గుట, మందు వికటించుట వంటి కారణములచే ఆ స్థితి కలుగును. కారణము కనిపెట్టి చికిత్స చేసినచో పలువురు కోలుకొందురు. మన పూర్వులు దీనిని ‘సంధి’ యనిరి. ఆ స్థితిలోని మాటలను ‘సంధిప్రేలాపన’ మనిరి. దానిని ప్రమాద సూచనగా ఎంచి వైద్యుని కొఱకు పరుగెత్తెడివారు. ఆ మాటను మనము మఱచితిమి. దాని స్థానమున ‘అయోమయము’ అను మెత్తని మాట వచ్చి, ‘వయసు మీదపడినది, అంతే’ యని మనలను కూర్చుండబెట్టుచున్నది. దిక్కు తప్పనివారిని తప్పిరనుట ఒక యపచారము. నిజముగా తప్పినవారిని గుర్తింపకుండుట ప్రాణహాని. రెండును ఒక విశేషణమును సరిగా గ్రహింపకపోవుటచే కలుగుచున్నవి.

తుదకు, ఈ విశేషణమును మన సమాజమునకే తగిలించు వాడుకను గూర్చి ఒక మాట. సొంత రాష్ట్రము వెలుపల నివసించు భాషాసమూహములను, ముఖ్యముగా వారి పిల్లలను, ఆంగ్ల వ్యాసకర్తలు కొందఱు ఈ మాటతో వర్ణింతురు. ఇంట తెలుగు, వీథిలో తమిళము, పరీక్షలో ఆంగ్లము. కనుక వీరు దిక్కు తప్పినవారని వారి యూహ. ఈ ప్రాంతమున తెలుగు కుటుంబములు విజయనగర కాలమునుండి నివసించుచున్నవి. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఏర్పడినవి. సేలము నుండి ధర్మపురి, 2004లో ధర్మపురి నుండి కృష్ణగిరి వేఱుపడినవి. ఇండ్లు కదలలేదు, ఇండ్ల చుట్టును గీసిన గీతలు కదలినవి. ఆ గీతలను చూచి లోపలివారు దారి తప్పిరనుట న్యాయము కాదు.

పిల్లల సంగతి అంత తేలిక కాదని ఒప్పుకొనవలెను. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన తమిళ అభ్యసన చట్టము ననుసరించి, 2006-07 విద్యా సంవత్సరమున మొదటి తరగతితో మొదలిడి ఏటేట పై తరగతులకు తమిళము అనివార్య పాఠ్యమైనది. పొరుగుభాష నేర్చుట మనకు బరువు కాదు. తరతరములుగా నేర్చుచునే యున్నాము. కాని తెలుగు వ్రాయను చదువను నేర్చు చోటు కుదించుకొనిపోయినది. మాటాడగలిగియు చదువలేని పిల్లలు నేడు అనేకులు. తూర్పు, కిళక్కు, ఈస్టు అని మూడు పేర్లు తెలిసిన పిల్లవాడు తూర్పును పోగొట్టుకొనలేదు. మూడు త్రోవల కనుగొన్నాడు. అయితే తన మనస్సు స్థితిని చెప్పుకొనుటకు మూడు భాషలలో ఏ యొక్కదానియందును సరియైన మాట లేక, ‘ఒక విధముగా నున్నది’ అని ఊరకుండునప్పుడు, వాని విషయమున మనము చింతింపవలెను. అది దిగ్భ్రమ కాదు, దిక్కుతోచమి. దానికి మందు మనచేతిలోనే యున్నది. దిక్కుతోచనివాడు అడుగును, అడిగినప్పుడు చెప్పుటకు ఇంట పెద్దలు ఉండవలెను.

కావున మన కుటుంబములకు మనవి చేయున దిది. దారి తప్పితినని తెలిసినవానిని దిక్కుతోచనివాడనుడు. తెలియక తప్పు దారిని నమ్మినవానిని దిగ్భ్రమ చెందినవాడనుడు. ఆశ్రయము లేనివానికి మాత్రమే దిక్కులేనివాడను మాటను ఉంచుడు. హఠాత్తుగా తెలివి మారిన రోగి విషయమున సంధి యను పాతమాటను జ్ఞప్తికి దెచ్చుకొని ఆలస్యము చేయకుడు. పెద్దవారిని ఆసుపత్రికి కొనిపోయినప్పుడు, వీరి భాష తెలుగని ముందుగానే చెప్పుడు. కాలము, స్థలము, వ్యక్తి యను మూడు ప్రశ్నలను మీరే తెలుగున అడిగి, వారి సమాధానమును వైద్యునికి వివరింపుడు. నిన్న ఎట్లుండిరో, నేడు ఎట్లున్నారో ఆ భేదమును చెప్పుడు. ఈ మాటలను ఇంట పిల్లలచేత పలికింపుడు. చదువరాని వారికి ఈ సంచికను చదివి వినిపింపుడు. విజ్ఞులు తక్కినది విచారింతురు గాక.